అడిగినవన్నీ పెట్టండి అన్నారు

పట్నం నుంచి వచ్చి ఇన్నాళ్లయినా మా వాడకట్టు ఆడవాళ్లు నన్ను వదలడం లేదు. "అన్ని దినాలు ఉన్నవు గదా, ఏమేం తిన్నవే? ఎట్లుంటయవి?" అని బావి దగ్గర ఒకరు, రేషన్ షాపు దగ్గర ఒకరు అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికి మొదటి నుంచి చెప్పే ఓపిక నాకు లేదు. యాభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దినదాన్ని కాబట్టి మెల్లగా రాస్తాను. చదవడం వచ్చినవాళ్లు రానివాళ్లకు చదివి వినిపించండి. ఏ బస్సు ఎక్కాలి, ఎక్కడ దిగాలి అన్నవి ఇందులో ఉండవు. అవి కండక్టర్ చెబుతాడు.

ముందు ఒక మాట చెప్పాలి. మేం తినడానికి పోలేదు. మా ఆయన నోట్లో బుగ్గ లోపల ఒక పుండు లేచి ఎంతకూ మానలేదు. మగ్గం గుంటలో కూర్చున్నంతసేపూ తంబాకు దవడన పెట్టుకునే అలవాటు ఆయనది. పట్నంలో పెద్ద దవాఖానలో ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు తీసుకోవడానికి మా అల్లుడు రవీందర్ ఒక్కడే పోయాడు. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేశాడు.

"అత్తమ్మా, సోమవారం నుంచి పుండుకు కరెంటు పెడతరట, రేడియేషనంటరు. ఈలోపల మామ ఏదడిగితే అది పెట్టుమన్నడు డాక్టర్. ఇష్టమున్నయన్నీ తినిపియ్యుమన్నడు."

మన దగ్గర డాక్టర్లు ఈ మాట ఎప్పుడంటారో మీకు చెప్పక్కర్లేదు. మా అత్తకు అన్నారు. మా పెద్ద బావకు అన్నారు. ఇద్దరికీ అడిగినవన్నీ పెట్టాం, ఆ తరువాత దినాలు కూడా పెట్టాం.

రవీందరే మళ్లీ అన్నాడు: "జర ముందుగాల్నే రాండ్రి. ఎన్నడు తిననియన్నీ తినిపిద్దాం. మామకు మాత్రం చెప్పొద్దు. నవ్వుకుంట ఉండాలె."

అట్లా మొదలైంది మా ప్రయాణం.

పెద్ద అంబర్‌పేట్ దాటాక, రోడ్డు మీద

మొదటి భోజనం ఏ హోటల్లోనూ కాదు, నడిరోడ్డు మీద. పెద్ద అంబర్‌పేట్ దాటిన కొంచెం దూరంలో బస్సు ఆగిపోయింది. ముందు లారీలు, కార్లు, విజయవాడ నుంచి వచ్చే బస్సులు బారులు తీరి ఉన్నాయి. తెలంగాణ కోసం వంటా వార్పు జరుగుతోంది. తారు రోడ్డు మీద రాళ్లు పేర్చి పొయ్యిలు పెట్టి, పెద్ద పెద్ద గంజుల్లో అన్నం, పప్పు వండుతున్నారు. పెళ్లికి వండినట్టే ఉంది కాని, పెళ్లికొడుకు లేడు.

గరిటె పట్టుకున్న ఒకావిడ మా ఆయన చెయ్యి పట్టి లాగింది. "ఓ పెద్దయ్యా, కూసో. తినకుంట దాటిపోతే తెలంగాణ రాదు!"

"నేను తిన్నంతనే వస్తదంటే, రెండోసారి గూడ వడ్డియ్యి" అని ఆయన వెంటనే కూర్చున్నాడు.

మా పక్కన ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన పెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. విజయవాడ బస్సులోంచి దిగిన మనిషి. కూర్చోవాలా వద్దా అని చూస్తున్నాడు. గరిటె ఆవిడ ఆయన్నీ వదల్లేదు. "ఏం సార్, ఆకలికి గూడ ఆంధ్ర, తెలంగాణ ఉన్నదా? కూసో." ఆయన పెట్టె మీదే కూర్చుని, ఆకు ఒళ్లో పెట్టుకుని తిన్నాడు. తిన్నాక మెల్లగా, "అంతా బాగుందండీ, పప్పులో కాస్త కారం తగ్గింది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. "కారం మీ దిక్కే ఉంచుకోండ్రి సార్, నీళ్లు మా దిక్కు ఇడువుండ్రి!" అని ఎవరో అరిచారు. ఆయన కూడా నవ్వాడు.

మా ఆయన ఎడమ దవడతోనే నమిలి మింగుతున్నాడు. నేను నా ఆకు వైపు చూడలేదు, ఆయన గొంతు వైపే చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు మొదలు అదే నా పని అయింది. మనిషి తింటుంటే చూడడం ఇంత బరువని నాకు అంతకుముందు తెలియదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో దారాలు

మా బిడ్డ స్వరూప వాళ్లుండేది దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీలో, కిరాయి ఇల్లు. ఒక్క మలుపు తిరిగితే చాలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, పుస్తకాల కొట్లు. గోడ కనిపించకుండా బోర్డులు. నేను ఒక్కో బోర్డు కూడబలుక్కుని చదివేలోపల నా వెనక నలుగురు దాటిపోతారు. సాయంత్రమైతే ఆ పిల్లలందరికీ ఆకలి. బండ్ల మీద పెనాల చప్పుడు, గాలిలో సోయా సాసు ఘాటు.

రవీందర్ మమ్మల్ని "చైనీస్ ఫాస్ట్ ఫుడ్" అని రాసిన బండి దగ్గరికి తీసుకుపోయాడు. నేను బోర్డు పూర్తిగా చదివి, "చైనా వాళ్లు ఏరి?" అని అడిగాను. పెనం తిప్పుతున్న మీసాల మనిషి నవ్వాడు.

"నేనే పెద్దమ్మా చైనోణ్ని. మాది మునుగోడు."

ప్లేటులో నూడుల్స్ పెట్టి మా ఆయన చేతికిచ్చాడు. ఆయన ఒక పోగు ఎత్తి, వెలుతురుకు పట్టి చూశాడు. నలభై ఏళ్లుగా నూలు చూసిన కళ్లు మరి.

"ఇది చిక్కుబడ్డ నూలు. గంజి గూడ సరిగ్గ పట్టలే. దీన్ని విడదీసుడు మా ఆడోళ్లతోని గూడ గాదు."

అందరం నవ్వాం. స్వరూప అందరికంటే ఎక్కువ నవ్వింది, నవ్వుతూ నవ్వుతూనే చేతులు కడుక్కొస్తానని బండి వెనక్కు పోయింది. వచ్చేసరికి మొహం తుడుచుకుని ఉంది. మంచూరియా అని ఎర్రటి ఉండలు తెచ్చారు. క్యాబేజీ పకోడీకి బెల్లం, మిరపకాయ కలిపి పులుసు పోసినట్టు ఉంటుంది. మీకు చెప్పాలంటే అంతే. ఆ పులుసు పుండుకు తగిలి ఆయన కళ్లలో నీళ్లొచ్చాయి. "మస్తుగున్నది" అన్నాడు.

మరునాడు పిజ్జా. చల్లటి గదిలో, మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టి, పెద్ద అట్టపెట్టెలో రొట్టె తెచ్చి పెట్టారు. చీర అమ్మకానికి తెచ్చారేమో అనుకున్నాను. రొట్టె మీద జున్నులాంటిది కరిగి సాగుతుంది, నోటికీ చేతికీ మధ్య వేలాడుతుంది. దాని ధర విన్నాక నేను ముక్క అంచు కూడా వదలకుండా తిన్నాను. "ఇటలీ దేశపోళ్లు తింటరు నాయినా" అంది స్వరూప. "పాపం, ఆళ్లకు తొక్కు దొరకది గావొచ్చు" అన్నాడాయన.

మేడ మీద ఇల్లుగలామె

ఇల్లుగలామె విజయలక్ష్మమ్మ మేడ మీద ఉంటుంది. వాళ్లది గుంటూరు వైపు. ఇరవై ఏళ్ల కిందట భర్త ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు, ఇప్పుడు ఆయన లేడు. మా స్వరూపకు పురుడొచ్చినప్పుడు రోడ్ల మీద బస్సులు లేక నేను చేరేసరికి ఆలస్యమైంది. దవాఖానలో పక్కన కూర్చున్నది ఈమే. మా ఆయనకూ ఆమెకూ మాత్రం ఎప్పుడు ఎదురుపడ్డా పేచీయే.

"తెలంగాణ వచ్చేస్తే మమ్మల్ని మూట కట్టి పంపించేస్తారా అన్నయ్యగారూ?"

"నిన్నెట్ల పంపుతం చెల్లె? నువ్వు పోతే మా బిడ్డ కిరాయి ఎవలికి ఇయ్యాలె?"

"పర్లేదు, మనియార్డర్ చెయ్యండి."

ఈ పేచీ మెట్ల మీద రోజూ జరుగుతుంది. ఆమెకు ఆయన నోట్లో పుండుందని తెలుసు, కాని డాక్టర్ అన్న మాట మేం చెప్పలేదు. ఆమె ఏడిస్తే ఆయనకు తెలిసిపోతుందని మా భయం. శనివారం బొగ్గుల మీద కాల్చిన మాంసం తినడానికి పోదామని రవీందర్ అన్నప్పుడు, ఆమెనూ రమ్మన్నాం. అలాంటి చోట్లకు ఆమె చుట్టాలతో పోయి వచ్చింది. ఎట్లా తినాలో ఎవరో ఒకరికి తెలియాలి కదా.

ఎల్.బి. నగర్‌లో జెండా

ఆ హోటల్ ఎల్.బి. నగర్ చౌరస్తా దాటాక, పై అంతస్తులో ఉంది. బల్ల మధ్యలో గుంట చేసి, అందులో నిప్పుల కుంపటి దించుతారు. ఇనుప చువ్వలకు గుచ్చిన కోడి ముక్కలు, చేపలు, రొయ్యలు, చివరికి పుచ్చకాయ ముక్కలు కూడా తెచ్చి ఆ కుంపటి మీద ఆనిస్తారు. ఎవరికి వాళ్లు తిప్పుకుంటూ, కుంచెతో నూనె రాసుకుంటూ తినాలి. నేను పుట్టినప్పటి నుంచి పొయ్యి ముందే ఉన్నాను. అంత డబ్బిచ్చి మళ్లీ పొయ్యి ముందే కూర్చోబెట్టారే అనిపించింది.

ఒక వింత ఆచారం ఉంది అక్కడ. బల్ల మీద చిన్న జెండా ఉంటుంది. అది లేచి ఉన్నంతసేపు చువ్వలు తెస్తూనే ఉంటారు. చాలనుకుంటే జెండా దించాలి. మన దగ్గర విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టినా వడ్డించేవాళ్లు వేళ్ల సందులోంచి వేస్తారు. ఇక్కడ నోరు తెరిచి చాలు అనాల్సిన పని కూడా లేదు.

వడ్డించే అతను ఈ సంగతి చెప్పగానే మా ఆయన నిటారుగా కూర్చున్నాడు.

"జెండ ఎత్తినంక దించుడు మాకు తెల్వది, బాబూ."

చువ్వలు వచ్చాయి. తిన్నాం. మళ్లీ వచ్చాయి. ప్లేట్లు నిండాయి. పక్క బల్లవాళ్లు మమ్మల్ని చూసి నవ్వుకుంటున్నారు.

"నాయినా, ఇగ దించుదాం" అంది స్వరూప.

"ఆళ్లు ఇచ్చేదాక దించేది లేదు."

"ఎవలు, ఏమిచ్చేదాక?"

"తెలంగాణ."

వడ్డించే అతను చేతులు జోడించాడు. "నా చేతిల రొయ్యలే ఉన్నయి పెద్దాయనా!"

విజయలక్ష్మమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "మీ జెండా మీరే దించుకోండి అన్నయ్యగారూ. నేను ముట్టుకున్నానంటే రేపు మా ఇంటి ముందు ధర్నా చేస్తారు."

బల్లంతా నవ్వింది. నాకు కూడా ఆ నాలుగు రోజుల్లో మొదటిసారి నిజమైన నవ్వు వచ్చింది. ఆ నవ్వులో ఆయన తల తిప్పి రవీందర్ ప్లేటు చూశాడు. అందులో సగం కొరికిన కోడి ముక్క ఉంది.

ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఇయ్యాల శనారం గదా, రవీందర్?"

రవీందర్ ఆ ముక్కను ప్లేటు అంచుకు జరిపాడు. శనివారం కొడుకు నీసు ముట్టడని చిన్నప్పుడు వాళ్లమ్మ మొక్కిన మొక్కు ఉంది. మా ఇంట్లో పెళ్లికి మేకపోతును కోసిన రోజు కూడా శనివారమని పచ్చిపులుసుతో తిన్నాడు. అందరం నవ్వుతూ తినాలి, మామ ఒక్కడే తింటున్నట్టు ఉండొద్దు అనుకుని, ఆ రోజు ముక్క నోట్లో పెట్టుకున్నాడు. మాలో ఎవరికీ అది తట్టలేదు.

ఆయన ఒక్కొక్కరి మొహం చూశాడు. స్వరూపది, నాది. తరువాత చెయ్యి చాచి ఆ జెండా దించాడు.

"సాలు. సమజైంది నాకు."

సరూర్‌నగర్ చెరువు దగ్గర

ఇంటికి పోయే దారిలో చెరువు దగ్గర కాసేపు కూర్చుంటానన్నాడు. మిగతావాళ్లను పంపించి ఇద్దరం కూర్చున్నాం. నీళ్ల మీద గుర్రపుడెక్క పరుచుకుని ఉంది. వాసన వస్తోంది. ఊళ్లో చెరువు ఇట్లా ఉంటే ఊరంతా తిట్టుకునేవాళ్లు, ఇక్కడ ముక్కు మూసుకుని షికారు చేస్తున్నారు.

"డాక్టర్ ఏమన్నడు?" అని అడిగాడు.

చెప్పాను. ఇంక దాచే శక్తి నాలో లేదు.

"గట్లనే అనుకున్న. నూడుల్సు, పిజ్జాలు, రొయ్యలు. బతికెటోనికి ఎవలన్న ఇన్ని పెడతరా?" అన్నాడు. కోపం లేదు గొంతులో. "కరెంటూ ఒద్దు, ఏమొద్దు. అల్లున్ని అప్పుల పాలు చేసుడెందుకు? రేపు పొద్దుగాల ఊరికి పోదాం. మగ్గం మీద చీర సగంల ఉన్నది, అది దించుకుంట."

కాదనాలి నేను. భార్యనైనందుకైనా కాదనాలి. నాలుగు రోజులు నవ్వి నవ్వి నా దవడలు నొప్పెడుతున్నాయి. తినే ప్రతి ముద్దా లెక్కపెట్టినట్టు చూసి చూసి కళ్లు మండుతున్నాయి. పోయేదే అయితే ఇంట్లో పోవడం నయం అనిపించింది.

"సరే" అన్నాను.

ఆదివారం, మెట్ల మీద

పొద్దున్నే సంచి సర్దుకుని బయటికి వస్తుంటే విజయలక్ష్మమ్మ ఇడ్లీల గిన్నెతో మెట్లు దిగుతూ ఎదురొచ్చింది. "ఇదేంటి వదినగారూ? రేపు ఆసుపత్రి కదా, సంచితో ఎక్కడికి?"

స్వరూప ఏడుస్తూ మొత్తం చెప్పేసింది. డాక్టర్ అన్న మాట రవీందర్ ఉన్నదున్నట్టు అప్పజెప్పాడు. విజయలక్ష్మమ్మ గిన్నె మెట్టు మీద పెట్టి నడుం మీద చేతులు వేసుకుంది.

"అదా! దానికా మీరింత చేసింది? ఆ మాట అందరికీ చెప్తారండీ! కరెంటు పెట్టాక నోరంతా పూస్తుంది, మింగుడు పడదు, రుచి చచ్చిపోతుంది నెలల తరబడి. అందుకని ముందే తినెయ్యమంటారు. మా చిన్నాన్నకీ ఇదే పుండు, ఇదే మాట. ఇప్పటికీ పేకాటలో దొంగాట ఆడి తిట్లు తింటున్నాడు."

నేను ఆ ఇడ్లీల గిన్నె పక్కనే మెట్టు మీద కూర్చున్నాను. మా ఆయన మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"నీది మంచి మనసు చెల్లె. ఊరడించుడు నీకు బాగొస్తది."

"ఊరడించడమా! మిమ్మల్నా!" ఆమె గొంతు గల్లీ చివరిదాకా వినిపించింది. "పొద్దున లేస్తే మమ్మల్ని దోపిడీదారులంటారు, మిమ్మల్ని ఊరడించడానికి నాకేం పట్టిందండీ? నమ్మకపోతే రేపు ఆ డాక్టర్నే అడగండి, నేనూ వస్తాను!"

పేచీ పెట్టే మనిషి అబద్ధం చెప్పదనుకున్నాడేమో, ఆయన సంచి కింద పెట్టాడు.

"అడుగుత. ఆయన నా మొకం దిక్కు చూడకుంట మాట్లాడిండా, అటే బస్సెక్కుత."

బందు రోజు

సోమవారం బందు. ఆటో లేదు, బస్సు లేదు. స్వరూపను పిల్లవాడితో ఇంట్లో ఉంచి, మిగతా నలుగురం మలక్‌పేట వైపు దవాఖానకు నడిచే పోయాం. దుకాణాల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. రోడ్డు ఖాళీ, అన్ని బోర్డులూ నా కోసమే ఆగినట్టు ఉన్నాయి, చదివే ఓపిక లేదు. విజయలక్ష్మమ్మ పైట తల మీదుగా కప్పుకుని నా పక్కనే నడుస్తోంది. ఆ రోజు ఆమె యాసతో ఆ రోడ్డు మీద నడవడం చిన్న సంగతి కాదు.

"నువ్వు నోరు తెరవకు చెల్లె" అని మా ఆయన ముందే చెప్పాడు.

చౌరస్తాలో జెండాలు పట్టుకున్నవాళ్లు ఆపారు. "ఏడికి పోతుండ్రు?"

"దవాఖానకు. ఈమెకు పళ్లనొప్పి" అని మా ఆయన విజయలక్ష్మమ్మను చూపించాడు. "దవడ బిగుసుకపోయింది, మాట రాదు."

ఆమె కళ్లు ఉరిమి చూసింది కాని నోరు మాత్రం తెరవలేదు. "పాపం, పో పెద్దమ్మా, జల్ది పో" అని దారి ఇచ్చారు. మలుపు తిరిగాక ఆమె అంది: "పెద్దమ్మా అన్నాడండీ నన్ను! నలభై ఏడేళ్లకి!"

డాక్టర్ వయసులో మా రవీందర్ కంటే కొంచెం పెద్ద. మా ఆయన కుర్చీలో కూర్చోలేదు.

"డాక్టర్ సాబ్, ఒక్క మాట జెప్పు. నేను పోతనా?"

డాక్టర్ కాగితాల్లోంచి తలెత్తి సూటిగా చూశాడు. "ఎక్కడికండీ పోయేది? నెలన్నర పాటు ఇక్కడికే రావాలి. ఆదివారం తప్ప."

రవీందర్ గొంతు సవరించుకుని, అడిగినవన్నీ పెట్టమన్నారు కదా సార్ అన్నాడు. అవునన్నాడు డాక్టర్. మూడు నాలుగు నెలలు దేనికీ రుచి ఉండదు కాబట్టి చెప్పానన్నాడు. తగ్గుతుందని మాట ఇవ్వలేనని, తొందరగానే వచ్చారని, వదిలేసే జబ్బు మాత్రం కాదని కూడా చెప్పాడు. ఆ తరువాత, "ఏం, పెట్టలేదా?" అని అడిగాడు.

"పెట్టిన్రు సార్" అన్నాడు మా ఆయన. "మొక్కు గూడ ఇడిచి పెట్టిన్రు."

డాక్టర్‌కు అది అర్థం కాలేదు. మా ఆయన చొక్కా గుండీలు విప్పుకుంటూ లోపలి గదిలోకి నడిచాడు.

ఇంటి దగ్గర

నెలన్నర ఎట్లా గడిచిందో రాయను. విజయలక్ష్మమ్మ చెప్పినవన్నీ జరిగాయి. నోరు పూసింది, గొంతు బిగిసింది, మనిషి సగమయ్యాడు. నూడుల్స్ పెట్టిన ఆ మునుగోడు మనిషి బండి ముందు నుంచి పోతూ మా ఆయన మొహం తిప్పుకునేవాడు. రోజూ జావ, మజ్జిగ, మెత్తగా చేసిన అన్నం. ఏది పెట్టినా మట్టి తిన్నట్టే ఉందనేవాడు. ఊరికి వచ్చాక కూడా అంతే. ఏం వండాలని నేను అడగడం మానేశాను, ఏం వండావని ఆయన అడగడం మానేశాడు. గిన్నె ముందు పెడతాను, ఖాళీ చేస్తాడు. మందు తాగినట్టు తాగుతాడు. డాక్టర్ వచ్చే నెల మళ్లీ చూస్తానన్నాడు, అప్పటిదాకా ఏదీ తేలదు.

ఉప్పు పుండ్లకు మండుతుందని మొదట్లో తగ్గించాను. తరువాత పూర్తిగా మరిచిపోయాను. రుచి తెలియని నోటికి వేస్తే ఎంత, వేయకపోతే ఎంత అనుకున్నాను.

నిన్న పొద్దున గిన్నెడు జావ తెచ్చి ఆయన ముందు పెట్టి, గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాను. ఒక గుక్క తాగిన చప్పుడు వినిపించింది. తరువాత ఏ చప్పుడూ లేదు. కళ్లు తెరిచి చూస్తే, గిన్నె చేతిలో పట్టుకుని నా వైపే చూస్తున్నాడు.

"ఏందిది? ఉప్పెయ్యలేదా?"

లేచి ఉప్పు డబ్బా తెచ్చాను.